వెనక వరుసలో మొదటివాడు

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత జట్టు చివరిసారి పతకం అందుకున్నది 1970 డిసెంబరులో, బ్యాంకాక్‌లో. ఆ జట్టు కెప్టెన్ హైదరాబాదీ. ఇరవై ఏళ్లకు, 1990లో, ఫుట్‌బాల్ కోచ్‌లలో తొలి ద్రోణాచార్య పురస్కారం వచ్చిందీ ఆయనకే. ఆడినందుకు అర్జున, ఆడించినందుకు ద్రోణాచార్య. మన ఫుట్‌బాల్‌లో ఈ రెండూ ఒకే మనిషికి దక్కడం అదే మొదలు. ఆయన పేరు సయ్యద్ నయీముద్దీన్. మైదానంలో ఆయన చోటు స్టాపర్. గోల్‌కీపర్‌కు ముందు నిలబడి, దూసుకొచ్చే స్ట్రయికర్‌ను ఆపాల్సినవాడు.

ఈ కథను బంట్వారం నుంచి చెప్పడానికి కారణం ఉంది. కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గరి ఈ వికారాబాద్ జిల్లా మండలంలో కంది కోసి చేన్లు ఖాళీ కాగానే పిల్లలు బ్యాటు పట్టుకుంటారు. బడి ఆవరణలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ నడుస్తాయి. కాస్త పెద్ద పిల్లల ఫోన్లలో మెస్సీ, రొనాల్డో గోల్స్ తిరుగుతుంటాయి. అంత దూరపు మెస్సీని ఎరిగిన పిల్లవాడికి, వికారాబాద్‌లో రైలెక్కితే పూటలో చేరే నగరంలో పుట్టిన నయీం ఎవరో తెలియదు. పిల్లల్ని అనడానికేం లేదు. పెద్దవాళ్లం మనం చెప్పలేదు. పాఠ్యపుస్తకమూ చెప్పలేదు, పేపరు వాళ్లమూ ఎప్పుడో ఒకసారి తప్ప రాయలేదు. అందుకే ఈ ఆదివారం ముఖచిత్రం ఆయనకు.

స్టాపర్ పని

ఫుట్‌బాల్ అనగానే మన కళ్లు గోలు కొట్టినవాడి మీదికే పోతాయి. స్ట్రయికర్ పదిసార్లు గురి తప్పి పదకొండోసారి కొడితే జనం భుజాన ఎత్తుకుంటారు. స్టాపర్ ఆట మొత్తం చక్కగా ఆడి ఒక్క క్షణం జారితే ఆ ఒక్క జారుడే ఏళ్ల తరబడి గుర్తుంటుంది. ఇంత కఠినమైన కొలువుకు ఒక లాభం కూడా ఉంది. జొన్నచేలో మంచె మీద కావలి ఉన్నవాడికి చేను నాలుగు మూలలూ కనబడినట్టు, స్టాపర్‌కు ఆటంతా ఎదుటే కనబడుతుంది. ముందు వరుసవాడు గోలుకు వీపు పెట్టి బంతి కోసం చూస్తాడు. నడిమి వరుసవాడు చుట్టూ తిరుగుతుంటాడు. ఎవరు అలసిపోయారు, ఏ పక్క ఖాళీ పడింది, అవతలివాళ్లు ఏ వైపు నుంచి రాబోతున్నారు అన్నది మొదట పసిగట్టేది వెనక వరుసవాడే. అరిచి చెప్పాల్సిందీ వాడే. ఆటగాడిగా ఉన్నప్పుడే సగం కోచ్ పని చేస్తుంటాడు. ప్రపంచమంతటా డిఫెండర్లు మంచి కోచ్‌లు కావడంలో వింతేమీ లేదని నా అభిప్రాయం. నయీం జీవితం దానికి మన ఇంటి సాక్ష్యం.

రహీం సాబ్ బడి

నయీం పుట్టింది 1944లో. ఆయన కుర్రతనం నాటికి హైదరాబాద్ దేశంలోకెల్లా గట్టి ఫుట్‌బాల్ నగరం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. అదే ఏడు నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఈ జట్టును తయారు చేసింది సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. చాదర్‌ఘాట్ హైస్కూల్‌తో పాటు నగరంలో మరికొన్ని బడుల్లో పాఠాలు చెప్పి, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో మళ్లీ స్వర్ణం సాధించింది. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1 తేడాతో గెలిచిన ఆ మ్యాచ్‌లో ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్ సింగ్‌ది. జర్నైల్ అసలు స్టాపర్. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డవాణ్ని రహీం ముందు వరుసలో ఆడించారు, గోలు వచ్చింది. మరుసటి ఏడు, 1963 జూన్‌లో, రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. 2024లో అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా వచ్చాక గానీ ఆయన పేరు చాలా ఇళ్లకు చేరలేదు.

రహీం నేర్పిన పద్ధతి గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే అది బంట్వారానికి నేరుగా పనికొచ్చేది. ఆయన పిల్లలకు చిన్న చిన్న జట్లతో పోటీలు పెట్టేవారు. బంతిని కాళ్ల దగ్గర తిప్పుకుంటూ పోవడం నిషేధించి, తగలగానే తోటివాడికి అందించాలన్న షరతుతో కొన్ని పోటీలు. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే తన్నాలన్న షరతుతో మరికొన్ని. ఇందులో ఖర్చు ఏముంది? ఒక బంతి, కాస్త చదును నేల, నిలబడి చూసే ఒక సారు. రెండు కాళ్లూ వాడగలిగిన ఆటగాళ్లు, బంతిని దాచుకోకుండా అందించే ఆటగాళ్లు ఆ చిన్న ఆటల నుంచే వచ్చారు.

నయీం 1960ల మొదట్లో చేరింది ఈ రహీం తీర్చిన సిటీ పోలీస్ జట్టులోనే. గురువు చివరి రోజులవి. అయినా ఆ కట్టుబాటు నయీం ఒంట్లోకి దిగింది. వేళకు రావాలి, వేళకు తినాలి, ఒంటిని ఆయుధంలా చూసుకోవాలి. నలభై ఏళ్ల తర్వాత ఆయన తన కుర్రాళ్లను అడిగిందీ ఇవే.

కలకత్తా పిలుపు

ఆ రోజుల్లో బాగా ఆడే హైదరాబాద్ కుర్రాడికి కలకత్తా నుంచి పిలుపు రాకుండా ఉండేది కాదు. సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లవాడు తులసీదాస్ బలరాం అంతకు ముందే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, చునీ గోస్వామి, పి.కె. బెనర్జీల సరసన దేశానికి ఆడాడు. 1966లో నయీం వెళ్లాడు. అతని వెంట మహమ్మద్ హబీబ్ కూడా ఈస్ట్ బెంగాల్ చేరాడు. కలకత్తా జనం తర్వాత 'బడే మియా' అని పిలుచుకున్న హబీబ్ ఇతనే. బలరాం, హబీబ్ ఇద్దరూ 2023లో వెళ్లిపోయారు. ఒకరు ఫిబ్రవరిలో, ఒకరు ఆగస్టు 15న.

నయీం అక్కడ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. కలకత్తా ఫుట్‌బాల్ తెలిసినవాళ్లకే దీని బరువు తెలుస్తుంది. అక్కడ ఇంట్లో అన్నదమ్ములు జట్టు పేరు మీద మాట్లాడుకోవడం మానేస్తారు. ఈ రంగు చొక్కా తొడిగినవాడు ఆ రంగు తొడిగితే క్షమించరు. మూడు రంగులూ తొడిగి, మూడు చోట్లా గౌరవం దక్కించుకోవడం వెనక వరుసలో నిలకడగా ఆడినవాడికే సాధ్యమైంది. మోహన్ బగాన్ తన అత్యున్నత గౌరవమైన 'మోహన్ బగాన్ రత్న'ను 2016లో నయీముద్దీన్‌కు ఇచ్చింది. తమ బద్ధ ప్రత్యర్థి ఈస్ట్ బెంగాల్‌కు కోచ్‌గా మూడు కప్పులు గెలిపించిపెట్టిన మనిషికి ఇచ్చింది అన్నది గమనించాలి.

బ్యాంకాక్ కాంస్యం

1970 ఆసియా క్రీడల జట్టుకు శిక్షకులు జి.ఎం.హెచ్. బాషా, ఆయనతో పాటు పి.కె. బెనర్జీ. కెప్టెన్ నయీముద్దీన్. జట్టులో హబీబ్, సుధీర్ కర్మాకర్, శ్యామ్ థాపా, సుభాష్ భౌమిక్, మగన్ సింగ్, మంజిత్ సింగ్ ఉన్నారు. ఆతిథ్య థాయ్‌లాండ్‌తో 2-2 డ్రాతో మొదలైంది. దక్షిణ వియత్నాం మీద 2-0 గెలుపు. తర్వాతి దశలో జపాన్ చేతిలో 0-1 ఓటమి, ఇండోనేషియాపై 3-0 విజయం. సెమీఫైనల్లో బర్మా 2-0తో ఓడించింది. కాంస్యం కోసం మళ్లీ జపాన్ ఎదురైంది. రెండేళ్ల ముందు మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దేశం అది. పైగా వారం గడవకముందే మనల్ని ఓడించింది. ఈసారి మంజిత్ సింగ్ ఒక గోలు కొట్టాడు. ఆ ఒక్క గోలును వెనక వరుస చివరిదాకా కాపాడింది. 1-0.

పత్రికలు గోలు కొట్టినవాడి పేరు రాస్తాయి, అది న్యాయమే. కానీ ఆరు మ్యాచుల్లో మూడింట అవతలి జట్టుకు ఒక్క గోలూ ఇవ్వలేదన్న లెక్క కూడా పక్కనే రాయాలి. పతకం ఆ లెక్క మీద నిలబడింది. అదే ఏడాది నయీంకు అర్జున పురస్కారం వచ్చింది. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్‌కు పతకం లేదు. యాభై ఏళ్లు దాటిపోయాయి.

కోచ్ నయీం

ఆట మానిన ఆటగాడు ఉద్యోగంలో కుదురుకోవడం అప్పటి రివాజు. నయీం శిక్షణ వైపు వచ్చాడు. 1990లో ఆయన చేతిలోని ఈస్ట్ బెంగాల్ ఒకే సీజన్‌లో డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్, ఐఎఫ్ఏ షీల్డ్ మూడూ గెలిచింది. ఆ క్లబ్బు అంతకు ముందు అలా గెలిచింది 1972లో, పి.కె. బెనర్జీ హయాంలో. ద్రోణాచార్య వచ్చింది కూడా 1990కే. ఫుట్‌బాల్‌కు ఆ పురస్కారం మళ్లీ దక్కడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 2022లో బిమల్ ఘోష్‌కు ఇచ్చేదాకా జాబితాలో ఈ ఆట నుంచి నయీం ఒక్కడే.

ఆయన కఠినుడు. తిండి మీద నిఘా, నిద్ర వేళల మీద నిఘా, పొద్దున్నే పరుగులు, అవి చాలక మళ్లీ పరుగులు. ఇంత కట్టడి ఎందుకని విసుక్కున్న ఆటగాళ్లు ఉన్నారు, పాతకాలపు పద్ధతులని విమర్శించినవాళ్లూ ఉన్నారు. ఆ విమర్శలో కొంత నిజం ఉండొచ్చు. అయితే మన జట్లు డెబ్బై నిమిషాల దాకా బాగా ఆడి, చివరి ఇరవై నిమిషాల్లో కాళ్లు లాగక గోల్స్ ఇచ్చేసే ఆ కాలంలో, ముందు ఒళ్లు గట్టిపడాలి అన్నవాడి మాటను నేను తప్పుపట్టలేను.

భారత జట్టు కోచ్‌గా 1997లో కాఠ్మండూలో దక్షిణాసియా గోల్డ్ కప్ గెలిపించాడు. ఫైనల్లో మాల్దీవులపై 5-1. ఐ.ఎం. విజయన్, బైచుంగ్ భూటియాల కాలం అది. ఆ తర్వాత సరిహద్దు దాటి ఢాకాకు వెళ్లాడు. అక్కడి అబాహనీ, మహమ్మదన్ లాంటి పెద్ద క్లబ్బుల నీడలో ఏళ్ల తరబడి ఉండిపోయిన గోపీబాగ్ పేట జట్టు బ్రదర్స్ యూనియన్‌ను 2003-04 సీజన్‌లో మొట్టమొదటిసారి లీగ్ విజేతగా నిలిపాడు. తర్వాత 2007లో బంగ్లాదేశ్ జాతీయ జట్టు బాధ్యత కూడా ఆయనకు ఇచ్చారు. హైదరాబాద్‌లో పుట్టినవాడు కలకత్తాలో పేరు తెచ్చుకుని ఢాకాలో గురువయ్యాడు. ఉపఖండంలో ఫుట్‌బాల్ నడిచిన దారి కూడా అదే.

2005లో మళ్లీ భారత జట్టు ఆయన చేతికి వచ్చింది. అప్పటికి వయసు అరవై ఒకటి. డిసెంబరులో కరాచీలో, భూటియా కెప్టెన్సీలో, ఫైనల్లో బంగ్లాదేశ్‌ను 2-0తో ఓడించి మళ్లీ దక్షిణాసియా కప్పు తెచ్చారు. రెండు నెలలు తిరగ్గానే ఆసియా కప్ క్వాలిఫయింగ్ మ్యాచులు వచ్చాయి. 2006 ఫిబ్రవరిలో యోకోహామాలో జపాన్ 6-0తో చిత్తు చేసింది. మార్చి 1న ఢిల్లీలో యెమెన్ చేతిలో 0-3. ఆయన్ను తప్పించారు. ఆ ఏడాదే ఇంగ్లండ్‌కు చెందిన బాబ్ హౌటన్ కోచ్‌గా వచ్చాడు.

1970లో జపాన్‌ను 1-0తో ఆపిన వెనక వరుస కెప్టెన్, 2006లో జపాన్ ఆరు గోల్స్ కొడుతుంటే బయట కూర్చుని చూడాల్సి వచ్చింది. దాన్ని ఆయన ఒక్కడి ఓటమిగా రాయడం అన్యాయం. ఆ ముప్పై ఆరేళ్లలో జపాన్ బడి మైదానాల నుంచి మొదలుపెట్టి 1993లో వృత్తి లీగ్ పెట్టుకుంది, 1998 నుంచి ప్రపంచ కప్ ఆడుతోంది. మనం ఆ ముప్పై ఆరేళ్లూ కోచ్‌లను మార్చుకుంటూ కూర్చున్నాం.

ఉర్జిచేని అనే చిన్న ఊరు

డిఫెండర్ కోచ్ అయితే చిన్న ఊరు ఎంత ఎత్తుకు పోగలదో చూడాలంటే రొమేనియా వెళ్లాలి. 1967లో బుకారెస్ట్‌లో పుట్టిన డాన్ పెట్రెస్కు కుడి వైపు డిఫెండర్. 1989లో స్టెవా బుకారెస్ట్ తరఫున యూరోపియన్ కప్ ఫైనల్ ఆడాడు. ఇంగ్లండ్‌లో ఐదేళ్లు చెల్సీకి ఆడాడు. 1998 ప్రపంచ కప్‌లో రొమేనియా 2-1తో ఇంగ్లండ్‌ను ఓడించిన రాత్రి, చివరి నిమిషంలో గెలుపు గోలు కొట్టింది ఈ డిఫెండరే. కోచ్ అయ్యాక రాజధానికి అరవై కిలోమీటర్ల దూరంలోని ఉర్జిచేని అనే చిన్న పట్టణపు జట్టు యూనిరియాను చేతికి తీసుకున్నాడు. 2008-09లో ఆ జట్టు దేశ విజేత. మరుసటి సీజన్ చాంపియన్స్ లీగ్‌లో గ్లాస్గో వెళ్లి రేంజర్స్‌ను వాళ్ల సొంత మైదానంలో 4-1తో ఓడించింది. బుకారెస్ట్‌కు ఉర్జిచేని ఎంత దూరమో హైదరాబాద్‌కు వికారాబాద్ సుమారుగా అంతే.

ఆ కథలో రెండో సగం కూడా చెప్పాలి. పెట్రెస్కు వెళ్లిపోయాడు, డబ్బు పెట్టినవాళ్లు చేతులెత్తేశారు, 2011లో క్లబ్బే మూతపడింది. ఊరి పిల్లల్లోంచి ఎదిగిన జట్టు కాకపోవడంతో డబ్బు పోగానే అన్నీ పోయాయి. మనకూ అలాంటిది జరిగింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేత అయింది, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. రహీం నగరంలో ఈ రోజు దేశపు పెద్ద లీగ్‌లో ఆడే జట్టు లేదు.

సిటీ పోలీస్ జట్టుకు అంత త్వరగా ఆ గతి ఎందుకు పట్టలేదు? ఆ జట్టు కింద బడులుండేవి, బడుల్లో రహీం లాంటి సార్లుండేవారు. ఆటగాడికి పోలీసు శాఖలో కొలువు ఉండేది, ఇంటికి జీతం పోయేది. ఒక తరం ఆటగాడు తర్వాతి తరానికి సారు అయ్యాడు. క్రమంగా కొలువులు తగ్గాయి, ఖాళీ మైదానాలు భవనాలయ్యాయి, మిగిలిన ప్రతిభను కలకత్తా తీసుకుపోయింది. పిల్లల కాళ్లలో సత్తువ తగ్గలేదు. నేర్పేవాళ్ల వరుస తెగింది. నయీం తన తర్వాతి తరానికి హైదరాబాద్‌లో కాక కలకత్తాలో, ఢాకాలో నేర్పాల్సి రావడమే ఈ నగరానికి జరిగిన పెద్ద నష్టమని నేను నమ్ముతాను.

బంట్వారం ఏం చేయగలదు

ముందు నేల సంగతి. మా వైపు చాలా భాగం నల్లరేగడి. వానాకాలంలో కాలికి అంటుకుని లేవనివ్వదు, ఎండాకాలంలో పర్రెలు విచ్చి చీలమండ మడతపడేలా చేస్తుంది. ఈ నేల మీద పరుగెత్తి బంతి ఆడాలంటే మొరం పోసి రోలరు తిప్పాలి. మొరం మండలంలో దొరకని వస్తువేమీ కాదు. చేను బాటకు పోసే మొరంలో నాలుగు ట్రాక్టర్లు బడి మైదానానికి పోయించడం పంచాయతీకి పెద్ద పని కాదు.

తర్వాత స్థలం. అంతర్జాతీయ కొలతల్లో ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే ఎకరా ముప్పావు. 2022 నుంచి ఊరూరా వెలసిన తెలంగాణ క్రీడా ప్రాంగణాల్లో చాలావాటికి అంత చోటు లేదు. చోటు చాలదని ఆటను వదిలేయక్కర్లేదు. రహీం నేర్పింది పదకొండు మందితో కాదు, ఐదారుగురు పిల్లల చిన్న జట్లతో. నలభై మీటర్ల పొడవు, పాతిక మీటర్ల వెడల్పు చాలు. నాలుగు కర్రలు పాతితే గోల్‌పోస్టులు. తాండూరు నాపరాయి ముక్కలు గీతల చోట పెట్టొద్దు, పిల్లలు పడితే దెబ్బలు తగులుతాయి. సున్నం గీస్తే చాలు.

ఆడపిల్లల్ని మరిచిపోవద్దు. భారత మహిళల జట్టుకు ఆడే గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా బిడ్డ. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. వికారాబాద్ జిల్లాలో తండాలు తక్కువా? పొద్దున్నే నీళ్లకూ, బడికీ మైళ్లు నడిచే ఆ పిల్లల కాళ్లకు స్టాపర్‌కు కావలసిన సత్తువ ఇప్పటికే ఉంది.

బంట్వారం, కోట్‌పల్లి, పెద్దేముల్, ధారూరు, మర్పల్లి మండలాల ప్రధానోపాధ్యాయులకు, పీఈటీ సార్లకు, సర్పంచులకు ఒక విన్నపం. వచ్చే స్కూల్ గేమ్స్ మండల పోటీలకు పేర్లు రాసేటప్పుడు కబడ్డీ, ఖోఖోల పక్కన ఫుట్‌బాల్ జట్టు కూడా రాయండి. దానికి ముందు ఒక నెల పాటు సాయంత్రం బడి వదిలాక గంటసేపు ఐదుగురేసి పిల్లలతో ఎడమకాలి పోటీలు పెట్టండి. గెలిచిన జట్టులో గోలు కొట్టిన పిల్లవాడికి ఒకసారి, గోలు ఆపిన పిల్లవాడికి ఇంకోసారి చప్పట్లు కొట్టించండి. ఆ ఆపినవాడికి సయ్యద్ నయీముద్దీన్ ఎవరో చెప్పండి.